వసారాలో వేసిన విస్తరి

మా ఇంట్లో ఒక్క మాట మీద మా నాయనా, ఆయన అక్కా ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదంటే, విన్నవాళ్లు అదేదో నోటితో అనరాని మాట అనుకుంటారు. అలాంటిదేం లేదు. ఆ మాట వసారా.

నేను మూడో తరగతి దాకా చదివాను. నాలుగులో చేరాల్సిన వారంలోనే మా తమ్ముడు పుట్టాడు, వాణ్ని ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది, ఇంక బడి సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకని పెద్ద పెద్ద మాటల జోలికి పోను. ఇంటి మాటలు మాత్రం నన్ను అడగండి. వాటిని ఊడ్చి ఊడ్చి నేర్చుకున్నదాన్ని నేను.

వీధిలో నుంచి లోపలికి వద్దాం. మొదట తిన్నె. మా తమ్ముడి పెళ్లాం తెనాలి వైపు పిల్ల, ఆ అమ్మాయి అరుగు అంటుంది. ఏదన్నా అనండి, దాని మీద కూర్చోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. బస్సు తప్పిపోయినవాడు కూర్చుంటాడు, గ్యాసు బండ కోసం కాచుకున్నావిడ కూర్చుంటుంది, ఏఎస్ పేట దర్గాకు పోతూ ఎండకు తల తిరిగిన ముసలాయన కాసేపు పడుకుంటాడు కూడా. లేచి పోయేటప్పుడు ఇల్లెవరిదో వాళ్లకు తెలియదు.

తర్వాత వసారా. ఇంటి గోడకు ఆనించి ముందుకు దించిన చూరు కింద చోటది. పైన పెంకులో రేకులో ఉంటాయి, ఒక పక్క తెరిచి ఉంటుంది. లోపలికి తీసుకుపోవాల్సిన పని లేనిది, అట్లా అని వీధిలో వదలలేనిది ఏదైనా అక్కడ ఉంటుంది. సైకిలు, తడిసిన గొడుగు, వేరుశనగ చెక్క బస్తాలు, ఈనబోయే పిల్లి, ఓటు అడగడానికి వచ్చిన మనిషి.

పంచ వేరు. పంచకు స్తంభాలుంటాయి. దాని కప్పు ఇంటి కప్పులో భాగం, వసారాలాగా తర్వాత అతికించింది కాదు. మగవాళ్లు చొక్కా విప్పేసి కూర్చునేది అక్కడ, వచ్చినవాళ్లకు చెంబుతో నీళ్లిచ్చేది అక్కడ. అంత మర్యాదైన చోటు. కానీ ఫలానావాడు ఫలానావాళ్ల పంచన చేరాడు అన్నామంటే వాడికి దిక్కు లేదని అర్థం. అదే నేల కాళ్లు చాపుకున్నవాడికి ఒక రకంగానూ, చోటడుక్కున్నవాడికి ఒక రకంగానూ ఉంటుంది.

వరండా అనేది సర్కారు మాట. బడికి, ఆస్పత్రికి, మండలాఫీసుకు ఉంటుంది. వరండాలో కూర్చున్నవాళ్ల మొహం చూడండి, అందరూ తలుపు వైపే చూస్తుంటారు. ఇక హాలు. ఒకప్పుడు సినిమాకే హాలుండేది, తర్వాత పెళ్లికి వచ్చింది, ఇప్పుడు టీవీ ఉన్న ప్రతి గదీ హాలే. ఈమధ్య సిట్ అవుట్ అని ఒకటి పుట్టింది. బయట కూర్చునే చోటని చెప్తారు. నేను చూసిన సిట్ అవుట్లలో చెప్పులు తప్ప ఇంకెవరూ కూర్చోలేదు.

ఇంత పట్టీ ఎందుకు చదివానంటే, మా అత్త ఈ మాటలన్నింటినీ కిలోల్లెక్క తూకం వేసే మనిషి. ఆమె నాకు అత్త రెండు రకాలుగా. మా నాయనకు సొంత అక్క, అంటే నాకు మేనత్త. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి ఆత్మకూరులో మా ఇంటికి పెద్దదిక్కు కూడా ఆమే. ముందు హోల్‌సేల్ కొట్టు, వెనక ఇల్లు. మా నాయనది ఉదయగిరి. ఆయనదీ అంగడే, చిన్నది. వాళ్లిద్దరి మధ్యా ఏదన్నా వస్తే నాకు రెండు పక్కలా పుట్టిల్లే, రెండు పక్కలా చీవాట్లే.

వచ్చింది. మా తమ్ముడి పెళ్లప్పుడు.

ఉదయగిరిలో మా పాత ఇంటి ముందర రేకుల వసారా ఉండేది. నాయన అంగడి సరుకు అందులోనే పెట్టేవాడు. పెళ్లికి తెనాలి నుంచి గొప్పవాళ్లు వస్తున్నారని ఆ వసారాను బాగు చేయించాడు. కింద టైల్స్ వేయించాడు, తెరిచిన పక్కన గ్రిల్లు పెట్టించాడు, రేకులు కనపడకుండా వాటి కింద తెల్లటి ప్లాస్టిక్ షీటు కొట్టించాడు, నడుమ ఒక ఫ్యాను బిగించాడు. గోడకు టీవీ తగిలించి, "ఇంక దీన్ని హాలనండి" అని ఇంట్లో అందరికీ చెప్పాడు. మా అమ్మ అలవాటు పడలేక రోజుకు నాలుగైదుసార్లు తిట్లు తినేది.

పెళ్లి మరునాడు వ్రతం, భోజనాలు. నడింట్లో తెనాలివాళ్లు కూర్చున్నారు. మా నాయన మా అత్తను చేయి పట్టుకుని తీసుకుపోయి, ఆ కొత్త ఫ్యాను కింద పీట వేసి విస్తరి వేయించాడు. ఇంటికంతా మంచి చోటు అదేనని ఆయన నమ్మకం. ఆమె కూర్చుని తలెత్తి చూసింది. ప్లాస్టిక్ షీటు ఎంత తెల్లగా ఉంటే ఏం, వాలు వాలే. ముందుకు దిగిన కప్పు ముందుకే దిగి ఉంది. అదే చూరు కింద ఆమె చిన్నప్పుడు బస్తాలు దించే కూలీలకు, బండి తోలుకొచ్చినవాళ్లకు తన చేత్తో అన్నం వడ్డించింది. ఇంటి మనుషులు అక్కడ తినడం ఆమె ఎరగదు.

ఆమె లేచి విసురుగా పోయుంటే మేలనిపిస్తుంది ఇప్పుడు. అట్లా పోలేదు. అన్నం వదిలేసే మనిషి కాదామె. పప్పు తిన్నది, పులిహోర తిన్నది, పాయసం మారు వేయించుకున్నది. చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"ఒరే, ఈ ఇంట్లో పుట్టినదాన్ని, నాకు వసారాలో విస్తరేసినావు. ఇంక నీ గడప తొక్కను."

"వసారా యాడుండాది అక్కా? ఇది హాలు గదా!" అన్నాడు నాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

అంతే. ఆయన తప్పయిందని చెప్పుంటే సాయంత్రానికి సర్దుకునేది. ఆయన హాలు అన్నాడు. తెనాలివాళ్ల ముందర ఆ మాట వెనక్కి తీసుకుంటే టైల్స్, గ్రిల్లు, ఫ్యాను అన్నీ వెనక్కి పోయినట్టేనని ఆయన భయం. ఆమె వసారా దిగలేదు, ఆయన హాలు దిగలేదు.

ఆ తర్వాత ఫోన్ల భాగోతం. నేను నాయనకు ఫోన్ చేసి స్పీకరు పెట్టేదాన్ని. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ మా అత్త.

"మీ నాయనకు చెప్పు, షుగరు మాత్తర్లు తిన్నాక వేసుకోమని."

"మీ అత్తకు చెప్పు, నాకు తెలుసని."

"మీ నాయనకు చెప్పు, తెలిసినోడయితే అడ్డపంచె కట్టుకోని వానలో తిరగడని."

"నేను తిరిగినట్టు ఆమెకెవురు చెప్పినారంట?"

నేనెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఫోను పట్టుకుని నిలబడితే చాలు. ఒకసారి చేయి నొప్పి పుట్టి ఫోను పప్పు డబ్బాకు ఆనించి నేను పెరట్లోకి పోయి బట్టలు ఆరేసుకుని వచ్చాను. నేను లేనప్పుడు కూడా వాళ్లు నాకే చెప్తూ ఉన్నారు.

ఇట్లా ఉండగా నాయన పాత ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. అది లేచి, రంగులు పడి, గృహప్రవేశం ముహూర్తం కుదిరింది. అప్పుడు పడింది చిక్కు. కొత్తింట్లో పాలు పొంగించేది ఆ ఇంటి యజమాని తోడబుట్టిన ఆడపడుచు. గిన్నె కూడా ఆమే తేవాలి. మా నాయనకు ఉన్నది ఒక్క అక్క.

అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నాయన ఫోను లాక్కుని, "ఆమె రాకపోతే నువ్వు పొంగించు. నువ్వూ ఈ ఇంటి ఆడబిడ్డవే గదా," అన్నాడు.

పొయ్యి మీద ఆ గిన్నె నేను పెట్టానంటే, ఆ ఇంట్లో మా అత్తకున్న చివరి పని నేను లాక్కున్నట్టే. ఇంక ఆమెను ఏమని పిలుస్తారు, ఏమని వస్తుంది? ఉదయగిరి కొండ కింద పుట్టిన మనిషికి ఉదయగిరిలో తలుపు మూసుకుపోతుంది. పైగా మూసినదాన్ని నేనే అయి, రోజూ ఆమెతో కలిసి అన్నం తినాలి.

ఆమె మాత్రం, "నాకేం పట్టింది? పోయి పొంగించుకోండి," అంటూ ఉండేది. అంటూనే అటక మీది ఇత్తడి గిన్నె దింపించి చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టింది.

"ఎందుకత్తా అది?" అన్నాను.

"చిలుము పట్టుండాది. తోమకూడదా? నా ఇంట్లో నా గిన్నె తోముకునేదానికి గూడా నీ పర్మిషను కావాల్నా?"

మర్నాడు మళ్లీ తోమింది. చిలుము ముందురోజే పోయింది.

నేను ధైర్యం చేసి ఒక దారి వెతికాను. "అత్తా, నువ్వు తొక్కనన్నది పాతింటి గడప. ఆ ఇల్లే లేదు. గడపా లేదు. ఇంక ఒట్టెక్కడుండాది?" ఆమె చెయ్యి ఆగింది. ఆలోచించింది. ఒప్పుకునేలాగే ఉంది. అమ్మ కూడా చెప్తే నా మాట గట్టిపడుతుందని ఫోన్ చేసి స్పీకరు పెట్టాను.

"గడపా?" అంది అమ్మ సంబరంగా. "మీ నాయన ఆ పాత టేకు ద్వారబంధమే చిత్రిక పట్టించి, పాలిష్ కొట్టించి పెట్టించినాడు. కొత్తదెందుకు దండగని. గడప గూడా అదే!"

"చూసినావా!" అంది మా అత్త. గెలిచినదాని మొహం పెట్టింది గానీ, గిన్నె మీద చింతపండు కోపంగా రుద్దింది.

మా ఆయన ఆఖరి ప్రయత్నం చేశాడు. "అమ్మా, తొక్కనన్నావు గానీ దాటనన్లేదు గదా. దాటుకోని పో."

"నిన్ను కన్నది నేను. నాకు నోటి లెక్కలు నేర్పబాకరా."

చివరికి ఆమే తేల్చింది. వీధి దాకా వస్తుందట. ఇంటి ముందు వేసిన పందిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుందట. పందిరి ఎవరి ఇల్లూ కాదు, సప్లయిర్సు వాడిది. గిన్నె నా చేతికిస్తుంది, పొంగించేది నేను. అట్లా అని పట్టుచీర కట్టి, గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఆత్మకూరు నుంచి వింజమూరు దాకా కారులో ఒక్క మాట మాట్లాడలేదు. వింజమూరు దాటాక మాత్రం, "ఏసీ ఆపించు, నా గిన్నె చల్లబడతా ఉండాది," అంది.

కొత్తిల్లు బాగుంది. ముందు మెట్లు, ఆ పైన సిట్ అవుట్, దానికి నాయన తిన్నెలు కూడా కట్టించాడు. అక్క లోపలికి రాకపోయినా తిన్నె మీదన్నా కూర్చుంటుందని కట్టించాడని అమ్మ నా చెవిలో చెప్పింది. కానీ వాస్తు చూసినాయన పాత ద్వారబంధాన్ని సిట్ అవుట్‌కు ముందు, మెట్ల పైన పెట్టించాడు. అంటే తిన్నెలు గడపకు లోపల పడ్డాయి. వీధిలో వాళ్లు కూర్చోలేని తిన్నెలను, అక్క ఎక్కలేని తిన్నెలను మా నాయన డబ్బు పెట్టి కట్టించాడు. అది చూసి మా అత్త పందిట్లో కుర్చీలో కూర్చుని నవ్వాపుకోవడానికి దగ్గింది.

ముహూర్తం వచ్చింది. ముందు ఆవు లోపలికి పోవాలి. ఆవును, దూడను తోలుకుని ఆవుల మనిషి గడప దాటించాడు. వెనకాల మా నాయన దేవుడి పటంతో, అమ్మ చేతిలో నిండు కలశంతో అడుగు ముందుకు వేశారు. పంతులు మంత్రం ఎత్తుకున్నాడు.

అప్పుడు మా అత్త కుర్చీలోంచి లేచింది. గిన్నె నాకిచ్చింది. గబగబా మెట్లెక్కి, గడపకు ఇవతలే నిలబడి, రెండు చేతులూ ద్వారబంధానికి అడ్డం పెట్టింది.

"పేరు చెప్పి లోపలికి పో."

పందిట్లో అందరూ గొల్లున నవ్వారు. కొత్త పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచు తలుపుకు అడ్డం నిలబడి ఒకరి పేరు ఒకరిచేత చెప్పించడం మాకు మామూలే. ముసలి మొగుడూపెళ్లాలను ఆటపట్టిస్తోందనుకున్నారు. నాయన కూడా నవ్వాడు.

"ఈ వయసులో నాకెందుకక్కా పేర్లు! నీ మరదలి పేరు నీకు తెలవదా?"

"నీ పెళ్లాం పేరు నేనడగలా. ఆ పొద్దు నాకు విస్తరేసినావే, ఆ తావు పేరు చెప్పు."

నాయన మెడ బిగుసుకుంది.

"హాలు."

"హాలయితే ఇట్నే ఉండు. నాకు కాళ్లనొప్పులేం లేవు."

"అమ్మా, ముహూర్తం దాటిపోతుంది," అన్నాడు పంతులు.

"దాటిపోతే నాదేం పోయె? నేను లోపలికి పోయేదాన్ని కాదు గదా సామీ."

అదీ ఆమె పన్నిన పన్నాగం. ఒట్టు చెడకుండా గడపకు ఇవతలే ఉంది. అడ్డం నిలబడే హక్కు ఆమెదే, ఆడపడుచును పక్కకు నెట్టి కొత్తింట్లోకి పోయే మగాడు మా కులంలో ఇంకా పుట్టలేదు. లోపల నుంచి ఆవుల మనిషి కేక వేశాడు.

"అయ్యా! ఆవు వంటింట్లోకి పోతా ఉండాది! దూడ సోఫా నాకతా ఉండాది!"

నాయన చెమట తుడుచుకున్నాడు. అంగట్లో బేరం చేసి పండిన మనిషి కదా, ఒక్కసారిగా దిగలేదు.

"సరే. వరండా అనుకో."

"వరండానా? నేనేమన్నా పింఛను కోసం వచ్చి కూర్చున్నానా మీ ఇంటికి?"

"పోనీ పంచ."

"నీ పంచన పడుండే రాత నాకు పట్టలేదు. నాకూ సొంత ఇల్లుండాది."

"మరి... ముందర గది."

"గదికి నాలుగు గోడలుంటాయి. లెక్కబెట్టు."

"ఏమయ్యా, చెప్పరాదా!" అంది అమ్మ. "కలశం బరువుకు నా చేతులు పడిపోతా ఉండాయి. ఇంతకాలం నేను వసారా అన్నప్పుడల్లా తిట్టినావు. ఇప్పుడన్నా నోరు తెరువు!"

నాయన దేవుడి పటాన్ని గుండెకు ఆనించుకున్నాడు. తర్వాత అరిచినట్టుగా అన్నాడు. "ఫ్యాను కింద వేయించినాను గదక్కా! నడింట్లో ఆ పొద్దు ఊపిరాడకుండా జనం. నీకు చిన్నప్పటి నుంచి ఉక్క పడదు. ఇల్లంతటికీ గాలాడేది ఆ ఒక్క తావే. నీకని పెట్టినా గదా ఆ పీట!"

మా అత్త చేతులు దించలేదు. కానీ మొహం కాస్త అటు తిప్పుకుంది. ఆ మాట ఎవరూ ఆమెకు చెప్పలేదు. మేమెవరం అడగలేదు, ఆయనా హాలు, హాలు అనడంలోనే ఇంతకాలం గడిపాడు.

"ఫ్యానుండాది," అంది మెల్లగా. "గాలి గూడా బాగానే వచ్చింది. నేను కాదన్నానా? పైన రేకు గూడా ఉండాది."

"అవును. ఉండాది."

"రేకు ఉండి, ముందుకు వాలుంటే ఏమంటారు?"

లోపల ఏదో గిన్నె పడిన చప్పుడు, ఆవుల మనిషి హైహై అనడం వినపడ్డాయి. పంతులు వాచీ చూసుకుని కళ్లు మూసుకున్నాడు.

"వసారా," అన్నాడు నాయన. "రేకుల వసారా. చాలా?"

"రేకుల అని నేనడగలా. నువ్వే కలిపినావు." ఆమె చేతులు దించి పక్కకు జరిగింది. "పో, పో, ఆవు నీ స్టవ్వు తినేస్తుంది."

నాయన మాత్రం కదలలేదు. పటం అమ్మ చేతి కలశం మీదికి ఆనించి, నా చేతిలో ఉన్న గిన్నె తీసుకుని ఆమెకిచ్చాడు.

"నువ్వు ముందర నడువు. అడ్డం నిలబడినోళ్లే దారి గూడా చూపించాల."

ఆమె గిన్నె అందుకుంది. పట్టుచీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, గడప వైపు చూడనైనా చూడకుండా, కుడికాలు లోపల పెట్టింది. మా ఆయన నా పక్కన నిలబడి నోరు తెరవబోతే నేను మోచేత్తో పొడిచాను. ఆ ఒట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఇప్పటిదాకా ఎత్తలేదు.

ఆవు వంటింట్లో చేయాల్సిన మంగళకార్యం చేసే ఉంచింది. ఆ పేడ ఎత్తి, నీళ్లు చల్లి, స్టవ్వు వెలిగించి, మా అత్త గిన్నెలో పాలు పోసి కొంగు నడుముకు చుట్టి నిలబడింది. పాలు తెట్టు కట్టాయి, అంచుల దగ్గర చిన్నగా కదిలాయి, ఒక్కసారిగా లేచి పొంగి కిందికి దూకాయి. అందరం చేతులు జోడించాం. పాలు తూర్పుకు పొంగితే మంచిదని మాకొక నమ్మకం.

"తూర్పుకు పొంగినాయి," అంది మా అత్త తృప్తిగా.

"తూర్పు యాడిది? ఈశాన్యం," అన్నాడు నాయన.

"పొంగించింది నేను. నాకు తెలవదా? తూర్పు."

"ఇల్లు కట్టినోణ్ని నేను. కిటికీ ఎటుండాదో చూడు. ఈశాన్యం!"

"నీ కిటికీ వంకరగా పెట్టినాడురా మేస్త్రీ!"

"మా మేస్త్రీనంటావా? ఏం తెలుసు నీకు మేస్త్రీ సంగతి?"

నా వైపు ఎవరూ చూడలేదు. మీ నాయనకు చెప్పు అని ఆమె అనలేదు, మీ అత్తకు చెప్పు అని ఆయన అనలేదు. ఒకరి మొహం మీద ఒకరు చేతులు తిప్పుకుంటూ, గొంతులు వీధి దాకా వినపడేలా అరుచుకుంటున్నారు. నేను తడిగుడ్డ తెచ్చి, స్టవ్వు కిందికి కారిన పాలు తుడవడం మొదలుపెట్టాను. అవి నాలుగు పక్కలా కారి ఉన్నాయి. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు.